కేడీఈలో ఫోల్డర్ డాల్ఫిన్‌లో కాకుండా వేరే ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుంటే?

లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్ వాతావరణాల్లో కేడీఈ ఒకటి, అందులో ఫోల్డర్లు తెరిచే ప్రోగ్రామ్ డాల్ఫిన్. కానీ డెస్క్‌టాప్ మీది ఫోల్డర్ నొక్కితే, బొమ్మలు చూపించే ప్రోగ్రామ్ గ్వెన్‌వ్యూ తెరుచుకుంటోందని అడిగారు. కంగారు పడకండి, ఏదీ పాడవలేదు. లినక్స్ లెక్కలో ఫోల్డర్ కూడా ఒక ఫైల్ రకమే, దాని పేరు ‘ఐనోడ్/డైరెక్టరీ’. ‘ఫోల్డర్లు నేనూ తెరవగలను’ అని ఏ ప్రోగ్రామైనా తన ‘డెస్క్‌టాప్ ఫైల్’లో (ప్రోగ్రామ్ వివరాలుండే చిన్న ఫైల్‌లో) రాసుకోవచ్చు. గ్వెన్‌వ్యూ అలాగే రాసుకుంది, ఫోల్డర్‌లోని బొమ్మలన్నీ చూపించాలి కదా. అలాంటివి రెండు మూడు ఉన్నప్పుడు వరుసలో ముందున్నదే తెరుచుకుంటుంది.

ఆ వరుస మార్చాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అసోసియేషన్స్ తెరిచి, ఐనోడ్ కింద డైరెక్టరీని ఎంచుకోండి. కుడివైపు కనిపించే జాబితాలో డాల్ఫిన్‌ను అన్నిటికన్నా పైకి జరిపి అప్లై నొక్కండి. గ్వెన్‌వ్యూను జాబితాలోంచి తీసేయకండి. కిందనే ఉండనిస్తే, కావలసినప్పుడు కుడి క్లిక్‌లో ‘ఓపెన్ విత్’ దగ్గర దొరుకుతుంది. నాకైతే ఫొటోల ఫోల్డర్లకు అది రోజూ పనికొస్తుంది.

డాల్ఫిన్ లోపల ఫోల్డర్ నొక్కితే మాత్రం ఈ వరుసతో పనిలేదు, అది తనలోనే తెరుస్తుంది. అందుకే డెస్క్‌టాప్ మీదో, ఇంకో ప్రోగ్రామ్ నుంచో తెరిచి సరిచూసుకోండి.

ఈ ఎంపిక మీ హోమ్‌లోని (మీ ఖాతా సొంత ఫోల్డర్‌లోని) కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, ‘మైమ్‌యాప్స్’ జాబితా ఫైల్‌లో నమోదవుతుంది. ఒకే కంప్యూటర్‌ను ఇంట్లో నలుగురు వాడుతున్నా, ఎవరి ఖాతాకు వాళ్ల ఎంపికే వర్తిస్తుంది.