రొయ్యల చెరువు ఇంటి పిల్ల చేపల చదువు చదవకూడదా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. 8 ఎకరాల రొయ్యల చెరువు ఉంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ లాంగ్‌టర్మ్‌లో చేరుద్దామంటే వినడం లేదు. సముద్రంలో బొరియలో ఉండే ఏదో చిన్న చేప, దాంతోపాటు ఉండే రొయ్య వీడియోలు చూసి మెరైన్ బయాలజీ అంటోంది. కన్సల్టెన్సీ వాళ్ళేమో ఆస్ట్రేలియా పంపమంటున్నారు. లాంగ్‌టర్మ్ మంచిదా, ఇది మంచిదా?

జవాబు: ముందు ఆ చేప సంగతి చూద్దాం. మీరు చెప్పినదాన్ని బట్టి అది గోబీ. కాలీఫ్లవర్ కాదు లెండి, మన గోదావరి ఇసుకదొందుకి చుట్టం. వేలెడంత ఉంటుంది. పగడపు దిబ్బల పక్కన ఇసుకలో, విరిగిన పగడపు ముక్కల మధ్య బొరియలో కాపురం. ఆ బొరియ తవ్వేది మాత్రం చేప కాదు, పిస్టల్ రొయ్య. పగలంతా గోళ్ళతో ఇసుక బయటికి తోస్తూనే ఉంటుంది, లేకపోతే బొరియ కూలిపోతుంది. పాపం దానికి చూపు సరిగ్గా ఆనదు. అందుకే బయటికి వచ్చినప్పుడు ఒక మీసం చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. గుమ్మం దగ్గర కాపలా ఉన్న చేప తోక అదిలించిందా, రొయ్య వెనక్కి తగ్గుతుంది. చేపే లోపలికి దూరిందంటే ఇక రెండూ లోపలే. రాత్రి మకాం అక్కడే, చేప గుడ్లు పెట్టేదీ అక్కడే.

ఇది మీ అమ్మాయికి ఎందుకు నచ్చిందో మీకు తట్టలేదా? చెరువులో మేత పెట్టి చూసే చెక్ ట్రే పైకి లాగి, రొయ్య పేగు చూసి మేత తిందో లేదో చెప్పే ఇంట్లో పెరిగింది మరి!

మీరు అడిగింది చదువు గురించి, భయం మాత్రం చెరువు గురించి. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు పోయిన ఏడాది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడిపోయిన ఏడాది మీరు పడ్డ టెన్షన్ బిడ్డ పడకూడదని. ఇలాంటి ఉత్తరాలు మీ గోదావరి జిల్లాల నుంచి నాకు చాలా వస్తాయి. కానీ రొయ్యల డబ్బుతో ఫీజులు కడుతూ, పిల్ల రొయ్యల గురించి చదువుతానంటే చిన్నతనం అనుకోవడం ఏం న్యాయమండీ? బంధువులకు చెప్పుకోవడానికి డాక్టర్ కావాలి, అంతేగా! మనసులేని పిల్లను ఏడాదిపాటు హాస్టల్లో కూర్చోబెడితే ర్యాంకు రాదు. మీతో మాటలు కూడా తగ్గిపోతాయి.

అలాగని ఆస్ట్రేలియాకి నేను ఊ అనను. బ్రోచర్లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఫోటో ఉంటుంది, అప్పు వాయిదా ఉండదు. ఈ రంగంలో నీళ్ళలో గడిపేది తక్కువ, మైక్రోస్కోపు ముందు, కంప్యూటర్ ముందు లెక్కలు వేసేది ఎక్కువ. డిగ్రీతో ఆగితే చాలామందికి దొరికేవి ఏడాదికో రెండేళ్ళకో అయిపోయే ప్రాజెక్టు పనులే. పీహెచ్‌డీ దాకా వెళ్ళే ఓపిక ఉంటేనే దారి. 17 ఏళ్ళ పిల్లకి ఆ ఓపిక ఉందో లేదో ఆమెకే తెలియదు. అది తేలకముందే చెరువు తాకట్టు పెట్టడం నాకు నచ్చదు.

ఇక్కడే రెండు దారులున్నాయి. ఒకటి 4 ఏళ్ళ బీఎఫ్ఎస్సీ, అంటే చేపలు, రొయ్యల పెంపకం డిగ్రీ, నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ లాంటి చోట. పిల్లల్ని పొదిగించే హేచరీలు, మేత కంపెనీలు, మత్స్యశాఖ, బ్యాంకుల్లో ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులు, అన్నిటికీ పనికొస్తుంది. రెండోది జువాలజీతో బీఎస్సీ, ఆపైన ఎంఎస్సీ మెరైన్ బయాలజీ. తమిళనాడులో పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ కేంద్రం ఉంది. పాండిచ్చేరి యూనివర్సిటీ మెరైన్ బయాలజీ విభాగం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం) ఉంది, అక్కడైతే పగడపు దిబ్బలు పక్కనే. మన తీరంలో అలాంటివి లేవు. ఎంట్రన్సుల సంగతి మీకు కాలేజీ వాళ్ళు రోజూ చెబుతూనే ఉంటారు, నేను చెప్పక్కర్లేదు.

ఆ వీడియో ఒకసారి మీరూ కూర్చుని చూడండి. అందులో ఎక్కువగా చూసేది చేపనా, రొయ్యనా అని అమ్మాయిని అడిగి నాకు రాయండి. రొయ్య అంటే ముత్తుకూరు గురించి మాట్లాడుకుందాం, చేప అంటే పోర్ట్ బ్లెయిర్ గురించి.