రెండు మంచులు

అమ్మాయీ,

ఆర్కిటిక్‌లో గడ్డకట్టిన సముద్రం అడుగున పెరిగే నాచు మీద నువ్వు రాసిన వ్యాసాన్ని నిన్న మైలాపూర్ ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని రెండుసార్లు చదివాను. నీ వాక్యం సాఫీగా నడుస్తుంది. చిక్కల్లా 'మంచు' అనే మాటతోనే. గడ్డకట్టిన సముద్రాన్నీ మంచే అన్నావు, దానిమీద కురిసి పేరుకున్నదాన్నీ మంచే అన్నావు. ధనుర్మాసంలో తెల్లారుజామున పడేదీ మనకు మంచే కాబట్టి తప్పు పూర్తిగా నీది కాదు. కానీ నువ్వు చెప్పదలచిన కథంతా ఆ రెండింటి మధ్యే ఉంది. ఒకదాన్ని గడ్డ అను, రెండోదాన్ని పొడిమంచు అను. చివరిదాకా మార్చకు.

ఇక వెలుగు వెంట కిందికి దిగు. కొత్తగా కురిసిన పొడిమంచు, పడిన వెలుగులో 80 నుంచి 90 శాతాన్ని పైనుంచే తిప్పికొడుతుంది. మిగిలినదాన్నీ తేలిగ్గా పోనివ్వదు. ఒక అడుగు పొడిమంచు ఆపినంత వెలుగును మీటరు మందం గడ్డ కూడా ఆపలేదు. ఆ గడ్డ అడుగున, చివరి కొన్ని సెంటీమీటర్లలో, ఉప్పునీటి సన్నని దారుల్లో డయాటమ్‌లు, అంటే కంటికి ఆనని సూక్ష్మమైన నాచు, కాచుకుని ఉంటాయి. పైనున్న వెలుగులో ఒక్క శాతం కూడా అందకపోయినా అవి పెరగగలవు. నాచు అనగానే నీ చెయ్యి 'ఆకుపచ్చ' అని రాసేసింది. ఇవి గోధుమరంగువి. గడ్డను తిరగేస్తే డికాక్షన్ ఒలికినట్టుంటుంది.

పొడిమంచును నువ్వు నాచుకు అందాల్సిన వెలుగును కాజేసే దొంగను చేశావు. వసంతం మొదట్లో అది నిజమే, అది పలచగా ఉన్నచోటే నాచు ముందు అందుకుంటుంది. మరి తర్వాత? ట్రిప్లికేన్ వెళ్లే బస్సులో ఐస్‌హౌస్ స్టాపు రోజూ చూస్తావుగా. ఆ ఐస్‌హౌస్‌ను అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన గడ్డలను దాచడానికి 1842లో కట్టారు. దారిలో కరగకుండా రంపపు పొట్టు కప్పి తెచ్చేవారు. పొడిమంచు చేసే పనీ అలాంటిదే. గడ్డను త్వరగా కరగనివ్వదు, చీకటికి అలవాటుపడ్డ నాచుకు ఎండదెబ్బ తగలనివ్వదు. అది కరిగిపోయిందంటే గడ్డ అడుగు కూడా కరగడం మొదలై, నాచు ఊడి నీళ్లలోకి రాలిపోతుంది. ఏప్రిల్‌లో అడ్డం నిలిచిందే జూన్‌లో గొడుగు పట్టింది. నీ వ్యాసంలో నెలల పేర్లే లేవు, అందుకే ఈ మలుపు నీకు దొరకలేదు.

అంటార్కిటికాలో ఇంకో వింత ఉంది. పొడిమంచు బరువుకు గడ్డ కుంగి, సముద్రపు నీరు పైకెక్కి, నాచు పైభాగంలోనే పెరుగుతుంది. దాన్ని ఇందులో ఇరికించకు, వేరే వ్యాసానికి దాచుకో.

'శ్వేత సౌందర్యం' మూడుచోట్ల ఉంది, మూడూ కొట్టేశాను. గురువారం వచ్చి కాగితాలు పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న