రాజ్యాంగ సవరణలతో పాలన బాగుపడిందా?

ప్రశ్న: మన రాజ్యాంగాన్ని వందసార్లకు పైగా సవరించారు. దానివల్ల పాలన మెరుగైందా, చెడిందా? ఫిరాయింపుల చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఎమ్మెల్యేలు పార్టీలు మారుతూనే ఉన్నారెందుకు?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: 2023 నాటి మహిళా రిజర్వేషన్‌తో కలిపి 106 సవరణలయ్యాయి. అంకె చూసి మంచీచెడూ తేల్చలేం. ఆ సవరణ అధికారంలో ఉన్నవాళ్లకు పగ్గం వేసిందా, ఉన్న పగ్గాన్ని వదులు చేసిందా అన్నదే గీటురాయి. 1976లో 42వ సవరణ లోక్‌సభ గడువును ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచింది, రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదంది. అది కచ్చితంగా చెరుపే. 1978లో 44వ సవరణ గడువును మళ్లీ ఐదేళ్లకు తెచ్చింది. ఎమర్జెన్సీకి ‘అంతర్గత కల్లోలం’ చాలదు, ‘సాయుధ తిరుగుబాటు’ ఉండాలనీ, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందాకే రాష్ట్రపతి ప్రకటించాలనీ రాసింది. చెడిన దాన్ని బాగుచేసిందీ సవరణే.

ఇక ఫిరాయింపులు. 1985లో 52వ సవరణ రాజ్యాంగంలో పదో షెడ్యూలును (అదే ఫిరాయింపుల చట్టం) చేర్చినప్పుడే రెండు దారులు తెరిచి ఉంచారు. మూడో వంతు సభ్యులు కలిసి వెళ్తే ‘చీలిక’, మూడింట రెండొంతులు వెళ్తే ‘విలీనం’. ఒంటరిగా పోతే అనర్హత, గుంపుగా పోతే రక్షణ! 2003లో 91వ సవరణ చీలిక దారిని మూసేసింది. మంత్రి పదవుల ఎరకు కూడా కళ్లెం వేసింది: ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ బలంలో 15 శాతం మించకూడదు. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో అది 26. ఇది పనిచేస్తున్న సవరణ.

విలీనం దారి మాత్రం మిగిలింది. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో, తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. రెండూ సరిగ్గా మూడింట రెండొంతులే.

అసలు లోపం ఇంతకంటే పెద్దది. అనర్హతను తేల్చే అధికారం స్పీకర్‌కిచ్చి, ఎన్నాళ్లలో తేల్చాలో రాయలేదు. స్పీకర్ సాధారణంగా పాలకపక్షం మనిషే. ఆ పక్షంలోకి వచ్చినవారిపై ఫిర్యాదు కదలకుండా ఉంటే సభ గడువు అలాగే గడిచిపోతుంది. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలనీ, ఈ పని స్పీకర్‌కు బదులు స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలనీ 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూలైలో పదిమంది ఎమ్మెల్యేల విషయం మూడు నెలల్లో తేల్చమని తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది. ప్రతిసారీ కోర్టు మెట్లెక్కడం కన్నా, ఆ గడువును పదో షెడ్యూలులోనే రాస్తే సరిపోతుంది. ఈ సవరణ వెంటనే రావాలి.

ప్రశ్న: సవరణ బిల్లుకు ఎన్ని ఓట్లు కావాలి? ఉమ్మడి అసెంబ్లీ తిరస్కరించినా తెలంగాణ బిల్లు ఎలా చెల్లింది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 368వ అధికరణం ప్రకారం ఒక్కో సభలో రెండు షరతులు నెగ్గాలి. ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, సభ మొత్తం బలంలో సగానికి పైగా. లోక్‌సభలో 543 మందీ ఓటేస్తే 362 కావాలి. 400 మందే ఓటేస్తే రెండొంతులకు 267 చాలు, కానీ రెండో షరతు వల్ల 272 తప్పనిసరి. రాజ్యసభ కాదంటే బిల్లు పోయినట్టే, ఉమ్మడి సమావేశం దారి లేదు. కేంద్ర, రాష్ట్రాల అధికారాల పంపకం, హైకోర్టుల వంటి అంశాలైతే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి. ఈ మెట్టు దాటవేస్తే ఏమవుతుందో పదో షెడ్యూలే సాక్ష్యం: కోర్టుల జోక్యాన్ని నిషేధించిన ఏడో పేరాను, రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 1992లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

తెలంగాణ ఏర్పాటు 368 కిందికి రాదు. మూడో అధికరణం కింద చేసే చట్టానికి మామూలు మెజారిటీ చాలు, దాన్ని సవరణగా లెక్కించకూడదని నాలుగో అధికరణంలోనే ఉంది. రాష్ట్రపతి బిల్లును అసెంబ్లీ అభిప్రాయం కోసం పంపాలి, అంతే. ఆ అభిప్రాయం పార్లమెంటును కట్టిపడేయదు. అందుకే 2014 జనవరిలో అసెంబ్లీ వద్దన్నా, ఫిబ్రవరిలో బిల్లు ఉభయసభల్లో నెగ్గింది.