హోంస్టే పెడతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. అరకులో లీజుకి తీసుకుందామనుకున్న ఇల్లు, విశాఖ ఎంవీపీ కాలనీలో మీ నాన్న ఫ్లాట్, రెండింటికీ లెక్కలు బాగానే వేశావు. పరుపులకి ఎంత, ఏసీలకి ఎంత, ఫొటోలు తీసేవాడికి ఎంత అని పైసాతో సహా రాసి, పర్మిషన్ల దగ్గరకొచ్చేసరికి ‘ఇతర ఖర్చులు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. మా మేడ మీద గదులు ఇన్నాళ్లుగా టూరిస్టులకి ఇస్తున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, సగం పని ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

ముందు అరకు సంగతి. అది మర్చిపో. అది ఏజెన్సీ ఏరియా, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతం, అక్కడ 1/70 చట్టం నడుస్తుంది. 1959లో వచ్చిన భూ బదలాయింపు నిబంధనల్ని 1970లో బాగా బిగించారు. గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదని నీకూ తెలుసు. కానీ ‘కొనడం లేదు కదా మావయ్యా, లీజే కదా’ అన్నావు చూడు, చాలామంది బోల్తా పడేది అక్కడే. ఆ చట్టం దృష్టిలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కానుక, మార్పిడి, లీజు అన్నీ దాని కిందికే వస్తాయి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించుకున్నంత మాత్రాన నిలవదు. బొర్రా వైపు గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సర్కారు కూడా గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సర్కారుకే లేని వెసులుబాటు నీకెక్కణ్ణించి వస్తుందిరా?

ఆ అరకు ఇంటాయన పేరు ముందు పెట్టి, వెనక నీ డబ్బుతో నడిపే దారి ఒకటి నీ చెవిన ఎవరో వేసినట్టున్నారు. అది బినామీ. చట్టం సంగతి అటుంచినా, నాకైతే మనసొప్పదు. అరకు మీద అంత ఇష్టముంటే సొంత ఇంట్లో గదులిస్తున్న గిరిజన కుటుంబానికి ఫొటోలు, బుకింగులు చూసిపెట్టు. పనికి తగ్గ కమీషన్ తీసుకో. ఇల్లు వాళ్లదే, వ్యాపారమూ వాళ్లదే. ఆ ఒప్పందం కూడా లాయరుకి చూపించాకే సంతకం పెట్టు.

ఇక ఫ్లాటు. సొంతదే కదా అని ధీమాగా ఉండకు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బైలాస్ (నియమావళి) తెప్పించి చదువు. ‘నివాసానికి మాత్రమే’ అని రాసుంటే రేపు ఎవరు అభ్యంతరం పెట్టినా వాళ్లదే పైచేయి అవుతుంది. సెక్రటరీ గారితో మాట్లాడి, ఒప్పుకుంటే లెటర్ మీద రాయించుకో. నోటిమాట పనికిరాదు, వచ్చే ఏడాది సెక్రటరీ మారిపోతాడు. గొడవలు మొదలయ్యేది పెద్ద విషయాల దగ్గర కాదు. పక్కవాళ్ల పార్కింగులో గెస్టు కారు పెడతాడు, రాత్రి రెండింటికి వాచ్‌మన్‌ని లేపి లిఫ్ట్ ఎక్కడుందని అడుగుతాడు, ఆదివారం పొద్దున్నే కారిడార్లో తడి తువ్వాళ్లు ఆరేస్తాడు. ఇవన్నీ ముందే మాట్లాడుకో.

కేంద్ర పర్యాటక శాఖ వారి ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ స్కీము కింద గుర్తింపు కావాలంటే ఇంటి యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. ఒకటి నుంచి ఆరు గదుల వరకే, పన్నెండు మంచాలు దాటకూడదు. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు. ఖాళీ ఫ్లాటుకి తాళం వేసి, కోడ్ నొక్కితే తలుపు తెరుచుకునే ఏర్పాటు పెడితే దీని కిందికి రాదు. నన్నడిగితే మీ అమ్మానాన్నలు ఒక గదిలో ఉండి మిగతా రెండూ ఇవ్వడమే మేలు. వాళ్లకీ కాలక్షేపం, నీకూ టెన్షన్ తగ్గుతుంది. ఎలా చేసినా జీవీఎంసీకి, అదే విశాఖ కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్లి ట్రేడ్ లైసెన్సు సంగతి, ఇంటి పన్ను మారుతుందా లేదా అన్నది కనుక్కో.

కరెంటు ఆఫీసులో కూడా ఏ కేటగిరీ కిందికి వస్తావో రాసిచ్చి అడుగు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తున్నావని తేలిందా, విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద నువ్వు నిజంగా వాడుతున్న కేటగిరీ రేటుకి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నావో తేల్చలేకపోతే వెనక్కి పన్నెండు నెలలకి లెక్కగడతారు.

అన్నిటికన్నా నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది విదేశీ గెస్టుల ఫారం. అందరూ ఫారం-సి అనేవాళ్లు, 2025 నిబంధనల్లో అది ఫారం-III అయింది. విదేశీయుడు నీ ఇంట్లో దిగిన 24 గంటల్లోపు వివరాలు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) పోర్టల్లో ఎక్కించాలి. మొదటి గెస్టు వచ్చాక లాగిన్ కోసం పరిగెత్తకు, ముందే రిజిస్టర్ చేసుకో. ఇంకోటి, విదేశీయుడంటే తెల్లవాడే అనుకోకు. డిసెంబరులో మన ఊళ్లో పెళ్లికొచ్చేవాడు తెలుగులోనే ‘అంకుల్, కాఫీ దొరుకుతుందా’ అంటాడు, పాస్‌పోర్టు మాత్రం అమెరికాది. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఫారం పెట్టాల్సిందే. గడప దాటి లోపలికి రాకముందే పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా లేదా ఓసీఐ, మన దేశంలో దిగిన తేదీ ముద్ర ఫొటో తీసుకో. ఎక్కణ్ణించి వస్తున్నాడో, తర్వాత ఎక్కడికి వెళ్తాడో కూడా అడుగు. పడుకున్నాక లేపి అడగలేం.

మనవాళ్లకైతే ఏదో ఒక ఫొటో గుర్తింపు కార్డు చాలు. గదిలో ఉండబోయే పెద్దవాళ్లందరివీ తీసుకో, బుక్ చేసినవాడిది ఒక్కటే కాదు. కార్డు చూపించనన్నవాడికి డబ్బు వాపసు ఇచ్చి పంపెయ్. నేను మొహమాటపడను.

గదుల్లో, హాల్లో కెమెరాలు వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024లోనే ఇంటి లోపలి కెమెరాల్ని పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట ఒకటి పెట్టుకుని, ఉందని చెప్పు. ఇడ్లీ ఉప్మా పెడతానంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకో. మందు మాత్రం అమ్మకు.

పన్నులు అనుకున్నంత భయపెట్టవు. రోజుకి 7,500 లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. 20 లక్షల టర్నోవరు దాటేవరకు నువ్వు రిజిస్టర్ కానక్కర్లేదు, యాప్ బుకింగుల మీద జీఎస్టీ యాప్ వాళ్లే కడతారు. ఆదాయం మాత్రం ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో చూపించు.

పరుపులు ఆర్డరివ్వడం ఇప్పుడే వద్దు. ఈ ఆదివారం నాన్నతో కలిసి సెక్రటరీ గారింటికి వెళ్లు, బైలాస్ కాపీ నాకు వాట్సాప్‌లో పెట్టు. అరకు వాళ్లకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నా.

మీ మావయ్య