ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. ఒక్కడే కొడుకు. చదువులో చురుకే కానీ, స్నానానికి బట్టలు తీసివ్వడం దగ్గర్నుంచి స్కూలు బ్యాగు సర్దడం దాకా అన్నీ నేనే చేయాలి. కొత్తవాళ్లతో నోరు విప్పడు. ఈ సెలవుల్లో పది రోజుల సమ్మర్ క్యాంపుకి పంపుదామని మావారు పట్టుబడుతున్నారు. ‘అక్కడికి వెళ్తే వాడే దారిలో పడతాడు’ అని ఆయన ధీమా. ‘పసివాణ్ణి ఒక్కణ్ణీ పంపుతారా’ అని మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ‘నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకెళ్తానని మాటిస్తేనే వెళ్తా’ అంటున్నాడు వాడు. మాటిచ్చి పంపమంటారా? అసలు క్యాంపులో పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, పంపండి. కానీ ఆ మాట మాత్రం ఇవ్వకండి.

‘నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తాలే’ అని మీరంటే, ‘నేను ఉండలేనని అమ్మకీ అనుమానమే’ అని వాడికి అర్థమవుతుంది. ఇక మొదటి రాత్రి దిగులు పుట్టగానే దాన్ని ఎలా దాటాలా అని చూడడు, మీరెప్పుడొస్తారా అని ఎదురుచూస్తాడు. మీరు వెళ్లి తీసుకొస్తే ‘నావల్ల కాలేదు’ అన్నది మనసులో నాటుకుపోతుంది. వెళ్లకపోతే అమ్మ మాట తప్పిందనుకుంటాడు. ఇంటి బెంగ గురించి అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2007లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి ఒప్పందాలు వద్దనే చెప్పింది.

బదులుగా ఉన్నదున్నట్టు చెప్పండి. ‘బెంగ వస్తుంది నాన్నా, చాలామందికి వస్తుంది. పడుకునేటప్పుడు ఎక్కువగా అనిపించొచ్చు. అప్పుడు మీ గ్రూపు చూసుకునే అన్నకి చెప్పు. నాకో ఉత్తరం రాయి. పొద్దున్నే మళ్లీ ఆటలో పడు.’ దాంతోపాటు ఇంకో మాట ఇవ్వండి, అది తప్పకుండా ఇవ్వాల్సిందే: ‘ఎవరైనా కొట్టినా, ఒంటి మీద చెయ్యి వేసి ఇబ్బంది పెట్టినా, ఒంట్లో బాగోలేకపోయినా ఫోన్ చేయించు. ఆ క్షణమే బయల్దేరతాం.’ బెంగ వేరు, ఆపద వేరు. ఆ తేడా పదేళ్ల పిల్లాడికి చక్కగా అర్థమవుతుంది.

ఇక నేర్చుకుంటారా అని అడిగారు. నేర్చుకుంటారు, అయితే పాఠంలా కాదు. నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పుకోవడం, ఎదుటివాళ్ల బాధ గ్రహించడం, మన కోపాన్నీ టెన్షన్‌నీ మనమే తట్టుకోవడం... ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో ఇవన్నీ ఉన్నాయి. వీటి మీద ఎంతసేపు క్లాసు చెప్పినా పిల్లలకు వంటబట్టవు. అదే ఒక గదిలో ఎనిమిది మంది, బాత్రూమ్ ఒక్కటే, ఆటకి విజిల్ వేసే టైమయింది, వాడి సాక్సు ఒకటి కనిపించడం లేదనుకోండి. ఇంట్లో అయితే ‘అమ్మా’ అని ఒక్క కేక. అక్కడ మంచం కింద వెతకాలి, లేదా పక్కవాణ్ణి అడగాలి, కాకపోతే తేడా సాక్సులతోనే పరిగెత్తాలి. ఏం చేసినా అది వాడి నిర్ణయం. నోరు విప్పని పిల్లాడు ‘నా సాక్సు చూశావా’ అని కొత్తవాణ్ణి అడగడమంటే చిన్న విషయం కాదమ్మా.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలెస్ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు ఫోన్లూ టీవీలూ లేని ప్రకృతి క్యాంపులో ఐదు రోజులు గడిపారు. ఫొటోల్లో, వీడియోల్లో మనుషుల ముఖాలు చూసి వాళ్ల మనసులో ఏముందో పోల్చుకోవడంలో, క్యాంపుకి వెళ్లని తోటి పిల్లలకన్నా ఎక్కువ మెరుగయ్యారు. ఐదు రోజుల్లో మనిషే మారిపోతాడని కాదు. ఎదురుగా ముఖాలుంటే పిల్లలు వాటిని చదవడం నేర్చుకుంటారు, అంతే.

అందుకే మీవారి ధీమాతో నేను పూర్తిగా ఏకీభవించను. పాడైన వస్తువుని బాగుచేయించినట్టు పిల్లాణ్ణి క్యాంపులో అప్పగించి రాకూడదు. ‘అక్కడైతే నీ తిక్క కుదురుతుంది’ లాంటి మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. రెండు మూడు క్యాంపులు చూపించి వాడినే ఎంచుకోమనండి. ముందుగా బంధువుల ఇంట్లో రెండు రాత్రులు ఉంచండి, మీరు పక్కన లేకుండా. బ్యాగు మాత్రం వాడే సర్దాలి. మీరు సర్దితే బ్రష్షు ఏ జిప్పులో ఉందో మీకు తెలుస్తుంది, వాడికి తెలియదు. అవసరం వచ్చేది వాడికి కదా.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. అందులో న్యాయం ఉంది. క్యాంపు వాళ్లని అడగాల్సినవి ఆవిడతో కూర్చునే రాసుకోండి. రాత్రి పిల్లల గదుల దగ్గర ఎవరుంటారు? సిబ్బంది గతం గురించి విచారించాకే పెట్టుకున్నారా? ఒక పెద్దవాళ్లూ ఒక పిల్లాడూ ఎవరికీ కనబడని చోట ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా? ఈత ఉంటే గట్టున లైఫ్‌గార్డ్ ఉంటారా? రాత్రి బస ఉండే క్యాంపుల్లో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 మందికి కనీసం ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలని అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం. మీరు చూసిన క్యాంపు దీనికి దరిదాపుల్లో లేకపోయినా, ఈ ప్రశ్నలకు విసుక్కున్నా, అక్కడికి పంపొద్దు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. క్యాంపు నుంచి వచ్చిన మర్నాడే తల్లితో కలిసి నా దగ్గరికి వచ్చాడో అబ్బాయి. ఆ ఉదయం స్నానం చేసి, తడి తువ్వాలు పట్టుకుని తనంతట తనే దండెం వైపు వెళ్లాడట. ‘నేను ఆరేస్తాలే, నువ్వెళ్లి ఆడుకో’ అని చేతిలోంచి తీసేసుకున్నానని ఆవిడ మురిపెంగా చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ ఆ పిల్లాడు తల దించుకుని తన ఖాళీ చేతుల వంకే చూస్తున్నాడు.

మీవాడు తిరిగొచ్చాక తువ్వాలు వంకరగానే ఆరేస్తాడు, ఒక కొస నేలకి తగులుతుంది. సరిచేయకండి. అలాగే ఆరనివ్వండి.