ఇంట్లో దొంగ పడితే కొట్టవచ్చా? చనిపోతే కేసు అవుతుందా?

కొట్టవచ్చు, కానీ ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం)లో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది (పాత ఐపీసీలో 96–106). మన ఆస్తినే కాదు, పక్కింటివారి ఆస్తినీ కాపాడవచ్చు.

మామూలు దొంగతనమైతే దొంగకు గాయం కావచ్చు గానీ ప్రాణం తీసే హక్కు లేదు. ఆ హక్కు 41వ సెక్షన్ చెప్పిన సందర్భాల్లోనే: దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇంటికి కన్నం వేయడం లేదా తాళం పగలగొట్టి చొరబడటం, నివాసానికి లేదా సరుకు దాచే కట్టడానికి నిప్పు పెట్టడం. దొంగ చేతిలో కత్తి ఉండి, అడ్డుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదని సహేతుకంగా భయపడితే పట్టపగలు కూడా వర్తిస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఆ తర్వాతే. దొంగ సొత్తుతో తప్పించుకున్నా, సొత్తు తిరిగి దక్కినా, పోలీసుల సాయం అందినా దొంగతనాన్ని అడ్డుకునే ఆత్మరక్షణ హక్కు ముగుస్తుంది. పట్టుబడ్డవాణ్ణి స్తంభానికి కట్టేసి కొట్టడం ఆత్మరక్షణ కాదు, నేరం. వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

సద్బుద్ధితోనే హద్దు దాటి ప్రాణం తీస్తే హత్య కింద కాకుండా, హత్య కాని నేరపూరిత నరహత్యగా (హత్య కంటే తక్కువ తీవ్రత గల నేరంగా) శిక్ష పడవచ్చు. ఆత్మరక్షణ అని చూపించాల్సిన బాధ్యత నిందితుడిదే. అయితే అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. అందుకే విరిగిన తాళం, దొంగ ఆయుధం కదపకుండా ఉంచి 112కు ఫోన్ చేయండి.