పొదుపు చేస్తే విశ్వాసం తక్కువైనట్టా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 42. రైస్ మిల్లులో గుమస్తాను, జీతం 28 వేలు. ఇంటి స్లాబు కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి 2 లక్షలు తెచ్చాను. మిత్తి కడుతూనే ఉన్నా, అసలు కదలడం లేదు. చర్చికి దశమభాగం 2,800 ఇస్తున్నాం. మా ఆవిడ పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) కడదామంటోంది. ఆమెకు నాలుగు తులాల బంగారం ఉంది. ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన, ‘భూమ్మీద ధనం కూర్చుకోవద్దని ప్రభువే చెప్పాడు, దాచుకోవడం అవిశ్వాసం’ అన్నారు. ఏం చేయాలి?

జవాబు: వందనాలు. ఆ మాట మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉన్నదే. మీ ధనం ఎక్కడుంటే మీ హృదయం అక్కడే ఉంటుందని కూడా ఆ వెంటనే ఉంది. డబ్బుకు మనసు అప్పగించొద్దని ఆ బోధ. జ్వరానికో, ఫీజుకో నెలకు వెయ్యి పక్కన పెట్టడాన్ని అది తప్పు పట్టదు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్ల పంటలో ఐదో వంతు నిల్వ చేయించబట్టే కదా కరువులో జనం బతికింది! ఆర్‌డీ కట్టండి. మీ ఆవిడ మాట సరైనదే.

నన్ను బాధపెట్టింది మీ మిత్తి. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. మిత్తి కట్టే తారీఖు దగ్గరపడితే మీ మనసు వాక్యం మీద నిలుస్తుందా, టెన్షన్ మీదా? అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతల గ్రంథం 22వ అధ్యాయం చెప్పింది దీని గురించే.

ఆ నాలుగు తులాలు బ్యాంకులో పెట్టి 2 లక్షలు తీసుకోండి, మీ ఆవిడకు ఇష్టమైతేనే. నూటికి రూపాయి చొప్పున లెక్కేసినా మొదటి నెల వడ్డీ 2 వేలే. ఇప్పుడు కడుతున్న ఆ 6 వేలే అక్కడ నెలనెలా కడితే సుమారు 41 నెలల్లో అసలుతో సహా తీరిపోతుంది. మధ్యలో అసలు జమ చేసుకుంటారో లేదో ముందే అడగండి. గడువుకు రెన్యువల్ మరిచిపోతే నగలు వేలానికి పోవచ్చు, జాగ్రత్త.

దశమభాగం మీరిద్దరూ ప్రార్థించి తేల్చుకోవాల్సిన సంగతి, ఆపమని నేను చెప్పను. సణుగుతూనో, బలవంతంగానో ఇవ్వొద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. అప్పు తెచ్చి మాత్రం కానుక వేయకండి. ఇస్తే నూరంతలు తిరిగొస్తుందని ఎవరైనా లెక్క చెబితే అసలు నమ్మకండి. అది కానుక కాదు, బేరం.

సొంత ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసం విడిచినవాడేనని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. కాబట్టి బ్యాంకులో జీవన్ జ్యోతి బీమా (ఏడాదికి 436 రూపాయలు), సురక్షా బీమా (20 రూపాయలు) తీసుకోండి. మొదటిది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు ఇస్తుంది, రెండోది ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు.

బ్యాంకు డబ్బు చేతికి రాగానే పాత బాకీ కట్టేయండి. చెల్లు రాయించుకుని, ప్రామిసరీ నోటు అదే రోజు వెనక్కి తీసుకోండి.